నేను పొరబడి ఉండొచ్చు

మార్చి 4, సోమవారం

ఈ ఉదయం ఆఫీసులో వదిన తన కీబోర్డు తిరగేసి బల్ల మీద తట్టింది. బిస్కట్ పొడి రాలింది. దాంతోపాటు ఒక తలపిన్ను. నల్లది, చివర రంగు పోయింది. నాదే.

"నీ సామాను నా కొంపలోకి ఎప్పుడు చేరిందే?" అంది.

ఆఫీసులో మా కుర్చీలు పక్కపక్కన. ఇంట్లో మా గదులు పక్కపక్కన. ఏది ఎటు నుంచి ఎటు పోతుందో ఎవరు చూడొచ్చారు. పిన్ను తీసి తల్లో పెట్టుకున్నాను.

పదకొండింటికి శుభం మీటింగు పెట్టాడు. మేనేజరుకి మేం పెట్టుకున్న పేరది. ఎంత చెడ్డ వార్త చెప్పినా చివర "శుభం" అని లేచిపోతాడు. ఇవాళ చెప్పింది ఇది: రక్తపరీక్షల ల్యాబులకి మేం తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, మిగతావాళ్ళు రాసిన కోడ్‌ని చదివి మంచిచెడ్డలు చెప్పేవాళ్ళం ఇద్దరం, వదినా నేనూ. ఇకమీదట రివ్యూకి ఒక్కరు చాలట. రెండోవాళ్ళు ఫోన్ల గదికి. ఎవరన్నది వచ్చే నెల మొదట్లో చెప్తాడట. శుభం.

ఫోన్ల గది వరండా చివర ఉంటుంది. గాజు గోడలు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ల్యాబులవాళ్ళు ఫోన్ చేసి అరుస్తుంటే లోపలివాళ్ళు నవ్వుమొహంతో జవాబులు చెప్తుంటారు. కొత్త మనిషితో ఫోన్లో మాట్లాడాలంటే నేను ముందు చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకుంటాను. పేరు కూడా రాసుకుంటాను. నా పేరే.

ఇంటికొస్తూ బస్సులో వదిన నా చెయ్యి పట్టుకుంది.

"అలా బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకు. ఫోన్లకి నేను వెళ్తాలే. నాకసలే వాగుడెక్కువ. నువ్వు నీ కుర్చీలో నీ పుస్తకంలా నీ కోడ్ చదువుకో. మాటిస్తున్నా, సరేనా?"

మాటిచ్చింది.

మార్చి 5

ఫోన్ల గది ముందు నుంచి నడవాల్సి వస్తుందని నీళ్ళ కోసం పై అంతస్తుకి వెళ్ళాను.

మార్చి 8, శుక్రవారం

అన్నయ్య కాలేజీ నుంచి ఇంకా రాలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడట. వంటింట్లో వదిన ఉల్లిపాయలు తరుగుతోంది. నేను స్టూలు మీద కూర్చుని పుస్తకం తెరిచాను.

"ఒసేయ్, ఒకటడుగుతా చెప్తావా? నేను పదిసార్లు చూసినా దొరకని తప్పు నీకు ఒక్కసారికే ఎలా దొరుకుతుందే?"

"ఏమో."

"ఏమో గీమో కాదు. చెప్పు. నిజంగా తెలుసుకోవాలని ఉంది."

నన్నెవరూ ఎప్పుడూ ఇది అడగలేదు. శుభం అడగడు. అతనికి ఎన్ని చూశామన్నదే లెక్క. అన్నయ్య నన్ను మూగనోము అని పిలుస్తాడు. మూగనోము పట్టినదాన్ని ఎవరేం అడుగుతారు.

మొదట మాటలు రాలేదు. తర్వాత ఆగలేదు.

మాట పూర్తిచేసే టూళ్ళు నాకు పడవని చెప్పాను. మనం రెండక్షరాలు కొట్టగానే మిగతాది తనే రాసిపెట్టేవి. అవి మా పెద్దమ్మ లాంటివి. నేను "నాకు" అనగానే "ఆకలేస్తోందా తల్లీ, కూర్చో" అంటుంది. నేను అనబోయింది వేరే. కానీ కూర్చున్నాక తినకుండా లేవలేను. ఆ టూళ్ళు రాసిపెట్టింది కూడా అంతే. చెరిపెయ్యడానికి మొహమాటం. అలా మనం అనుకోని మాటే మన మాటగా మిగిలిపోతుంది.

వదిన కత్తి పక్కన పెట్టి మరీ నవ్వింది.

తెల్ల తెర మీద నల్ల అక్షరాలు పెట్టుకుని చదువుతావేంటి, అందరూ నల్ల తెర మీద రంగురంగులు పెట్టుకుంటే, అంది. ఆ రంగులు చూస్తే ఎవరో ముందే గీతలు గీసిన లైబ్రరీ పుస్తకం గుర్తొస్తుందన్నాను. వాళ్ళకి ముఖ్యమనిపించినవే నాకూ ముఖ్యమనిపిస్తాయి. తప్పులు సాధారణంగా గీత లేని చోట ఉంటాయి.

"అబ్బ! నీ బుర్రలో ఇంత ఉందా? పైకి చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటావ్."

నేను మాట్లాడుతున్నంతసేపూ వదిన ఫోను గట్టు మీద బోర్లించే ఉంచింది. ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. ఈ రోజుల్లో ఎదుటిమనిషి మాట్లాడుతుంటే ఫోను చూడనివాళ్ళు ఎంతమంది.

మార్చి 12, మంగళవారం

ఇవాళ కూడా అడిగింది. ఈసారి అలవాట్ల గురించి.

పొద్దున్నే మెయిళ్ళు తెరవనని చెప్పాను. ముందు నిన్న నేను రాసిందాన్ని ఎవరో పరాయివాళ్ళు రాసినట్టు చదువుతాను. సగం రోజులు ఆ పరాయిమనిషి మీద కోపం వస్తుంది.

ఒకదానికి మంచి పేరు దొరక్కపోతే దాన్ని నేనింకా అర్థం చేసుకోలేదని లెక్క. అప్పుడు లేచి నీళ్ళు తాగొస్తాను.

ఒక మార్పు చేశాక దాని కింద రెండు ముక్కలు రాయాలి కదా. అందరూ ఏం మార్చారో రాస్తారు. నేను ఎందుకు మార్చానో రాస్తాను. ఏం మార్చానో కోడే చెప్తుంది. ఎందుకో మాత్రం నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. కాన్వెంటులో వ్యాసం రాయించేటప్పుడు సిస్టర్ ఒకటి నేర్పింది: తప్పు కొట్టేయాలంటే ఒక్క గీతతోనే కొట్టాలి. కొట్టేసింది కూడా చదవగలిగేట్టుండాలి. అలికెయ్యకూడదు.

ఇంకొకటి కూడా చెప్పాను. ఇది ఇదివరకు ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని. ఇతరుల కోడ్ చదివేటప్పుడు నేను చేతులు కట్టుకుంటాను, క్లాసులో కూర్చున్నట్టు. చేతులు వదిలేస్తే చదవడం పూర్తికాకముందే దిద్దడానికి పోతాయి. చేతులు కట్టుకుని కింద నుంచి పైకి చదువుతాను. పై నుంచి చదివితే రాసినవాళ్ళ ధోరణిలో కొట్టుకుపోతాం. కింద నుంచి వస్తే ప్రతి లైనూ తన కాళ్ళ మీద తను నిలబడాలి.

వదిన నవ్వలేదు. "కింద నుంచి పైకి," అంది నెమ్మదిగా, అప్పజెప్పినట్టు.

ఇవాళా ఫోను బోర్లానే ఉంది.

మార్చి 14

ఇవాళ ఇంకా ఎక్కువ మాట్లాడాను. గొంతు నొప్పిగా ఉంది. సంతోషంగా ఉంది.

మార్చి 18, సోమవారం

ఆఫీసులో కొత్త టూల్ పెట్టారు. కోడ్ రాసి పంపగానే ముందు అది చదివి తన అభిప్రాయం రాస్తుంది. తర్వాత మేం చదవాలి. దాని మాట బాగుంటే బొటనవేలు పైకి, బాగోకపోతే కిందికి నొక్కాలి. తప్పుగా చెప్తే సరైనది కింద రాయాలి. అలా నేర్చుకుంటుందట. పేరు "నేస్తం". ఎవరు తయారుచేశారో శుభం చెప్పలేదు. "మన ఇంటి బిడ్డే," అన్నాడు.

నాకు కొత్త టూళ్ళంటే సహజంగా గుర్రు. అయినా అది రాసిన మొదటి అభిప్రాయం చదివి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

"ఒక్క సందేహం. ఈ లైను లేకపోతే ఎవరికి నష్టం?"

రివ్యూల్లో నేనెప్పుడూ అడిగే ప్రశ్న అదే. చివర ఇలా ఉంది: "నేను పొరబడి ఉండొచ్చు." నేనూ అలాగే ముగిస్తాను. తప్పు చెప్తే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని.

ముందు కలిగింది సంతోషమే. ఇంత పెద్ద ప్రపంచంలో నాలాగా ఆలోచించేది ఒకటుంది, అది మనిషి కాకపోతేనేం అనుకున్నాను. బొటనవేలు పైకి నొక్కాను. సాయంత్రం దాకా అలాగే నొక్కుతూ పోయాను.

మార్చి 19

బస్సులో వదినని అడిగాను. "నేస్తం నాలాగే మాట్లాడుతోంది, చూశావా?"

"అందరి పాత కామెంట్లూ చదివిందే అది. నీవే ఎక్కువున్నాయి మరి. రోజూ రామాయణమంత రాస్తావుగా."

అంతే అయి ఉంటుంది. ఆఫీసులో రాసినవి ఆఫీసువే. అందులో తప్పేముంది.

వదిన కిటికీ వైపు కూర్చుంది. మామూలుగా ఆ సీటు నాకిస్తుంది.

మార్చి 21, గురువారం

మీటింగు గదిలో అందరం ఉన్నాం. శుభం పెద్ద తెర మీద నేస్తం పనితీరు చూపించాడు. ఎవరిదో పొడుగాటి కోడ్ ఇచ్చాడు. అది చదివి ఇలా రాసింది:

"ఇది తొందరలో రాసినట్టుంది. ఒకసారి చేతులు కట్టుకుని కింద నుంచి పైకి చదవండి. నేను పొరబడి ఉండొచ్చు."

గది గొల్లుమంది.

"చేతులు కట్టుకోవాలా? గోడకుర్చీ కూడా వెయ్యమంటుందేమో!" అన్నారెవరో.

"నాకు చేతులు కట్టేస్తే టైపింగ్ ఎవరు చేస్తారు సార్, మీరా?"

టెస్టరు మాస్టారు తుమ్మి, ముక్కు తుడుచుకుని, "మా చిన్నప్పటి హెడ్మాస్టరు దీంట్లో దూరాడ్రా!" అన్నారు. మా అందరి పనినీ చివర పరీక్షించేది ఆయనే, అందరికంటే పెద్దాయన. ఏసీ ఆయనకి పడదు. మళ్ళీ నవ్వులు.

నేను కూడా నవ్వాను. నవ్వకపోతే తెలిసిపోతుందని.

ఏం తెలిసిపోతుంది? నా అలవాటని. చేతుల సంగతి నేను ఎక్కడా రాయలేదు. ఏ కామెంటులోనూ. నోటితో చెప్పాను. ఒక్కసారి. ఒక్కరికి.

శుభం అన్నాడు: "ఇదంతా మా టీమ్‌లోని ఒకరి కృషి. ఒక నిపుణుడైన రివ్యూయర్ ఎలా ఆలోచిస్తాడో గంటలకొద్దీ రికార్డు చేసి, దానికి నేర్పారు." అని వదిన వైపు చెయ్యి చూపించాడు. చప్పట్లు.

గదిలో అందరూ వదినని చూస్తున్నారు. వదిన అందరినీ చూసింది. నన్ను తప్ప.

ఫోను బోర్లా పెట్టేది. నేను మెచ్చుకున్నాను.

మార్చి 22

వేరే ఎవరికైనా అదే అలవాటు ఉండొచ్చు. చేతులు కట్టుకోవడం ఏమంత వింత. వదిన ఇంకెవరినైనా కూడా అడిగి ఉండొచ్చు. నేను పొరబడి ఉండొచ్చు.

మార్చి 23, శనివారం

పొద్దున టీ బల్ల దగ్గర అడిగాను. ముందు రాసుకోలేదు.

"వదినా, నన్ను రికార్డు చేశావా?"

వదిన కప్పు కింద పెట్టింది. కాదనలేదు. అది ఆమెలో మంచి గుణం.

"చేశాను. ఏమైందిప్పుడు? మంచికేగా వాడాను. నువ్వు చెప్పినవి ఎంత బంగారంలాంటివో తెలుసా నీకు? నీ దగ్గరే ఉంటే నీతోపాటే పోయేవి."

"నాకు చెప్పలేదు."

"చెప్తే నువ్వు మామూలుగా మాట్లాడతావా? ఫోను చూసి నత్తలా లోపలికి ముడుచుకుపోతావ్. నీ సంగతి నాకు తెలీదా?"

"నా పేరైనా చెప్పలేదు అక్కడ."

"చెప్తే నువ్వు సిగ్గుతో చచ్చిపోయేదానివి. నీకోసమే చెప్పలేదే పిచ్చిమొహమా."

నిజమే, సిగ్గుపడేదాన్ని.

"ముందే అడగొచ్చుగా," అన్నాను చివరికి.

"అడిగితే ఒద్దనేదానివా?"

"లేదు. ఒప్పుకునేదాన్ని."

"అదే మరి! ఒప్పుకునేదానివే కదా. ఇంక అడగడమెందుకు?"

ఆ మాటలో తప్పెక్కడుందో నాకు వెంటనే పట్టుబడలేదు. కోడ్ అయితే కింద నుంచి పైకి చదివేదాన్ని.

అన్నయ్య పేపరు మడిచాడు. "నేను తనకి చెప్పాను, నీతో ఒక మాట అనమని," అన్నాడు.

అంటే వాడికి తెలుసు.

"నీకు తెలుసా?" అన్నాను.

అన్నయ్య టీలో చక్కెర వేసుకుని కలిపాడు. అంతకుముందే ఒకసారి వేసుకున్నాడు. "ఆఫీసు గొడవలు ఇంట్లో వద్దమ్మా," అన్నాడు. ఆఫీసు మా వంటింట్లోకి వచ్చినప్పుడు ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"ఫోన్ల గదికి నువ్వే వెళ్తానన్నావు," అన్నాను వదినతో.

"అన్నాను. కాదన్నానా? వెళ్తాను. శుభం ఒప్పుకోవాలిగా మరి." లేచి కప్పులు తీసుకుంది. నా కప్పు కూడా. అందులో ఇంకా సగం టీ ఉంది.

మార్చి 24

ఏమీ లేదు.

మార్చి 26, మంగళవారం

మధ్యాహ్నం టెస్టరు మాస్టారు నా బల్ల దగ్గరకి వచ్చి నిలబడ్డారు. నేను చేతులు కట్టుకుని చదువుతున్నాను. అలవాటు. గభాల్న చేతులు విడదీశాను. ఆయన చూసేశారు.

"ఓహో. హెడ్మాస్టరు ఇక్కడున్నారన్నమాట," అన్నారు మెల్లగా.

నేను మౌసు పట్టుకుని తెర కిందికి జరిపాను.

"ఆ వేళ అలా వాగినందుకు ఏమీ అనుకోకమ్మాయ్. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది నీ పని." ఒక తుమ్ము. "జలుబు ముదిరింది. రేపట్నుంచి రెండ్రోజులు సెలవు. అమ్మాయ్, ఒక్క మాట చెప్తా విను. ఇకమీదట దానికేమీ చెప్పకు. బాగున్నా బాగుందనకు, తప్పున్నా తప్పనకు. నోరు మూసుకుని కూర్చో. అది నీకు చేతనైన పనేగా?"

నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకి.

మార్చి 27, బుధవారం

ఆయన చెప్పింది మంచి సలహా. ఒక్కరోజు నిలబెట్టుకోలేకపోయాను.

ఒక చిన్న మార్పు వచ్చింది. ఒకే ఒక్క లైను. ఇప్పటిదాకా పేషంటు వయసు నింపకపోతే మా సాఫ్ట్‌వేర్ రిపోర్టు ఆపేసేది. ల్యాబులవాళ్ళు ఫోన్ల గదికి ఫోన్ చేసి తిడుతున్నారట, రిపోర్టులు ఆగిపోతున్నాయని. అందుకని ఎవరో వయసు ఖాళీగా ఉంటే సున్నా అనుకొమ్మని రాశారు. రిపోర్టు ఆగదు. నేస్తం చదివింది. ఈ లైను లేకపోతే ఎవరికి నష్టం అని నా ప్రశ్నే వేసుకుంది. ల్యాబులకి నష్టం అని తనే జవాబు చెప్పుకుంది. "చక్కగా ఉంది. సమస్య లేదు," అంది.

సున్నా వయసంటే అప్పుడే పుట్టిన బిడ్డ. పుట్టిన బిడ్డ రక్తంలో కొన్ని అంకెలు ఎక్కువున్నా రిపోర్టులో మామూలే అని వస్తుంది. అదే అంకె పెద్దమనిషికి ఉంటే కామెర్లు. ఆ పెద్దమనిషి కాగితం తీసుకుని, "అంతా బాగానే ఉందట," అని ఇంటికి వెళ్ళిపోతాడు.

నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఈసారి చదవడానికి కాదు.

నేను ఊరుకుంటే ఇది వెళ్ళిపోతుంది. నాలుగు రోజుల్లో ఏదో ఒక ల్యాబు నుంచి గగ్గోలు మొదలవుతుంది. నేస్తం చేసిన తప్పు బయటపడుతుంది. వదిన చేసిన తప్పు. శుభం నా కుర్చీ నాకు ఉంచుతాడు. ఫోన్ల గది తప్పిపోతుంది.

టెస్టరు మాస్టారు పట్టుకుంటారులే అనుకున్నాను. ఆయన సెలవులో ఉన్నారు. అది నాకు తెలుసు. తెలిసే అనుకున్నాను.

పక్క కుర్చీలోంచి వదిన, "ఏంటే, ఎంతసేపు చూస్తావ్? ఒక్క లైనేగా. బొటనవేలు నొక్కెయ్," అంది.

ఎవరో పెద్దమనిషి. కళ్ళు పచ్చబడి. చేతిలో కాగితం.

కిందికి నొక్కాను. దాని కింద రాశాను: "ఒక్క సందేహం. ఖాళీ అంటే సున్నా కాదు. ఖాళీ అంటే ఎవరూ అడగలేదని. అడిగేదాకా రిపోర్టు ఆగడమే మంచిది."

చివర ఎప్పుడూ రాసే వాక్యం ఈసారి రాయలేదు. పొరబడలేదు కనుక.

ఆ లైను తీసేశారు.

మార్చి 28

వదిన ఇవాళ కిటికీ సీటు నాకిచ్చింది. నేను నిలబడే వచ్చాను.

ఏప్రిల్ 1, సోమవారం

ఇవాళ ఇంకొకళ్ళు ఇంకోచోట అలాంటిదే రాసి పంపారు. ఈసారి బరువు గురించి. నాకంటే ముందు నేస్తం చదివింది. రాసింది:

"ఖాళీ అంటే సున్నా కాదు. ఖాళీ అంటే ఎవరూ అడగలేదని."

శుభం అది అందరికీ పంపించాడు. "చూశారా, నాలుగు రోజుల్లో ఎంత ఎదిగిందో!"

సెలవు నుంచి వచ్చిన టెస్టరు మాస్టారు అది చదివి నా వైపు చూశారు. "కూర్చున్న కొమ్మని నువ్వే నరుక్కున్నావు కదమ్మాయ్," అన్నారు. వెళ్తూ వెళ్తూ, "నేనున్నా నాకు దొరికేది కాదులే అది," అన్నారు.

ఓదార్పుకి అన్నారో నిజంగానే అన్నారో తెలియదు.

ఏప్రిల్ 2, మంగళవారం

శుభం నన్ను పిలిచాడు. వదిన అప్పటికే గదిలో కూర్చుని ఉంది.

"మీరు చాలా మంచి రివ్యూయర్. అందులో ఎవరికీ అనుమానం లేదు," అన్నాడు. ఆ మాటతో మొదలుపెడితే అయిపోయినట్టే. "కానీ ఇప్పుడు మీ తెలివంతా నేస్తంలో ఉంది. దాన్ని చూసుకోడానికి ఒక మనిషి కావాలి, అది మీ వదినగారే చేయగలరు. ఫోన్ల గదికి మీలాంటి ఓపిక ఉన్నవాళ్ళు కావాలి."

నా తెలివని అతనికి తెలుసన్నమాట. పేరు చెప్పనిది అందరిముందే.

నేను వదిన వైపు చూశాను. ఆమె చెప్పొచ్చు. ఫోన్లకి నేను వెళ్తానని చెప్పడానికి పెద్ద సమయం పట్టదు. గదిలో అడ్డం వచ్చేవాళ్ళు కూడా లేరు.

వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. "నీకూ మంచిదే. కాస్త నోరు తెరుచుకుంటుంది," అంది.

"శుభం," అన్నాడు శుభం.

సాయంత్రం బల్ల సర్దుకున్నాను. పెద్దగా ఏమీ లేదు. కప్పు, శాలువా, సగం చదివిన పుస్తకం. కీబోర్డు తిరగేసి తట్టాను. దుమ్ము తప్ప ఏం రాలలేదు.

ఏప్రిల్ 3, బుధవారం

ఫోన్ల గది. లోపల్నుంచి చూస్తే గాజు గోడలు అంత స్పష్టంగా ఏమీ లేవు. వేలిముద్రలు.

ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని వెళ్ళాను. మొదటి ఫోను ఒక ల్యాబు నుంచి. నేను రాసుకున్నది మొదలుపెట్టకముందే ఆయన మొదలుపెట్టాడు.

"ఏంటమ్మా మీ సాఫ్ట్‌వేరు? వయసు లేదని రిపోర్టు ఆపేస్తోంది! ఇక్కడ జనం క్యూలో ఉన్నారు!"

"వయసు అడగండి సర్," అన్నాను.

"అడగడానికి తీరికేదీ? నిన్నగాక మొన్న దీన్ని తీసేస్తామన్నారు మీవాళ్ళే. ఎవరు అడ్డం పడ్డారో ఏమో!"

కాగితంలో దీనికి జవాబు లేదు.

"నేనే పడ్డాను సర్. మనిషి మీ ఎదురుగానే ఉన్నాడు. ఒక్క మాట అడగండి."

"అడగాలా?"

"అడగాలి."

గట్టిగానే అన్నట్టున్నాను. గదిలో ఇద్దరు తిరిగి చూశారు. అటువైపు ఆయన ఎవరినో అడగడం వినపడింది: "పెద్దాయనా, మీకెన్నేళ్ళు?" జవాబు నాకు వినపడలేదు. రిపోర్టు వచ్చిందట. ఫోను పెట్టేశాడు. థాంక్స్ చెప్పలేదు.

కాగితం మడిచి బల్ల సొరుగులో వేశాను.

భోజనాల వేళ పక్క కుర్చీ ఆవిడ నా దగ్గరకి జరిగింది. ఈ గదిలో అందరికంటే పాతావిడ. గొంతు తియ్యగా ఉంటుందని చిలకమ్మ అంటారు.

"మొదటిరోజే ల్యాబువాడికి బుద్ధి చెప్పావే! నీకు నోరు లేదన్నారు మాకు."

"ఎవరన్నారు?"

"ఇంకెవరు, మీ వదినే. నిన్న వచ్చి చెప్పింది, కాస్త చూసుకోండి, బెదురుపిల్ల అని. మంచి మనిషి. ఆ నేస్తమో గీస్తమో ఆవిడే చేసిందట కదా? గొప్ప తెలివైనదట కదా?"

"అవును," అన్నాను.

"మీ అన్నయ్య అదృష్టవంతుడు. పెద్దలు కుదిర్చిన సంబంధమేనా?"

"కాదు. నేను కుదిర్చిన సంబంధం."

చిలకమ్మ నవ్వింది. జోకు వేశాననుకుంది.

సాయంత్రం బస్సులో వదిన పక్క సీటు ఖాళీగా పెట్టుకుని కూర్చుంది. "ఎలా ఉందే మొదటిరోజు?" అని ముందు నుంచే కేక వేసింది. నేను విననట్టు వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. దిగేటప్పుడు కూడా నా కోసం ఆగింది. ఇంటిదాకా పక్కపక్కనే నడిచాం. ఎప్పటిలాగే నా బ్యాగు ఆమె అందుకుంది. ఎప్పటిలాగే నేను ఇచ్చేశాను.

అన్నయ్య పెళ్ళికి ముందు ఆమె నాకు వదిన కాదు. కాన్వెంటులో మాది ఒకే బెంచీ. సిస్టర్ ప్రశ్న అడిగితే నేను తల వంచుకుని మెల్లగా జవాబు చెప్పేదాన్ని. తను లేచి నిలబడి గట్టిగా చెప్పేది.